సుల్తానాబీ పోసిన సందు లేని నట్టు

శ్రీమతి సుల్తానాబీ, కీర్తిశేషులు ఇస్మాయిల్ గారి భార్య, వయస్సు నలభై తొమ్మిది సంవత్సరములు, వృత్తి బేరింగులకు వైట్‌మెటల్ పోయుట, నివాసము మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల పట్టణము. ఈ వివరణ వ్రాయుచున్న వ్యక్తి ఆమెను ఇరవై రెండు సంవత్సరములుగా ఎరుగును. ఆమెతో బంధుత్వము గాని, వ్యాపార సంబంధము గాని లేదు. పాత మిల్లుల బజారు చేతిపనివారల సంఘము వారి ఆదేశము మేరకు, ఆమె పని చేయుచుండగా ఎదుట కూర్చుండిన సాక్షి యగుటచేత, చూచినది చూచినట్లును, ఆమె చెప్పినది చెప్పినట్లును ఈ క్రింద పొందుపరచడమైనది.

బజారులో పన్నెండవ నంబరు దుకాణం పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు. ముందు ఒక బల్ల, దానికి బిగించిన, సామాను కదలకుండా పట్టే వైసు. వెనుక గోనె పరదా, పరదా వెనుక కుంపటి. ఆయిల్ ఇంజన్లలోనూ, పల్లీ మిల్లుల ఇరుసుల కిందనూ తిరిగే ఇనుమును మోసే మెత్తని తెల్లలోహపు పొర ఒకటి ఉంటుంది. దానినే వైట్‌మెటల్ అంటారు. అది అరిగితే ఇరుసు దడదడ కొట్టుకుంటుంది. అరిగిన పొరను కరిగించి తీసి, కొత్త లోహం పోసి, ఇరుసుకు సరిపోయేదాకా గీకి ఇవ్వడం ఈ దుకాణం పని. ఇటిక్యాల నుంచి, అమరచింత నుంచి రైతులు పాత బేరింగులను సంచులలో వేసుకుని ఇస్మాయిల్ పేరు అడుగుతూ వచ్చేవారు.

పేరు ఇస్మాయిల్‌దే. కాని చివరి ఏడు సంవత్సరాలు చేయి మాత్రం సుల్తానాబీది.

రెండువేల సంవత్సరంలో ఇస్మాయిల్‌కు చేతులు వణకడం మొదలైంది. కరిగిన లోహంతో నిండిన గరిటె వణికే చేతిలో ఉండరాదు. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆయన పక్కన కూర్చుని మసి పట్టడం, మట్టి అద్దడం, గీకడం చేస్తూ వచ్చిన భార్య ఒకనాడు మాట మాట్లాడకుండా ఆ గరిటెను అందుకుంది. ఆ రోజు నుంచి ఆయన ముందు బల్ల దగ్గర కూర్చుని గిరాకీతో మాట్లాడేవాడు. ఆమె పరదా వెనుక పోసేది. “ఉస్తాద్, నీ చేతి పోతకు తిరుగు లేదు” అని ఎవరైనా మెచ్చుకుంటే ఇస్మాయిల్ తల వంచుకునేవాడు. పరదా వెనుక ఆమె గరిటెను చప్పుడు కాకుండా కింద పెట్టేది. ఆయన పరువు కోసం ఇద్దరూ కలిసి దాచిన సంగతి అది. ఎంత బాగా దాచారంటే, రెండువేల ఏడు ఫిబ్రవరిలో ఇస్మాయిల్ కన్నుమూసిన తరువాత, ఆ పని ఆమెదని చెప్పగల మనిషి ఊళ్లో ఒక్కడు కూడా మిగలలేదు.

సంఘం నియమం పాతది, ఒక్క వాక్యంలోనిది: దుకాణం పని ఎరిగిన చేతికే చెందుతుంది. జూలై చివరి వారంలో సంఘం అధ్యక్షుడు చెన్నయ్య కాగితం పట్టుకుని వచ్చాడు. వెంట పదకొండవ నంబరు దుకాణదారు తిమ్మప్ప ఉన్నాడు. తిమ్మప్పది ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ పని. కొత్తగా పెద్ద లేత్ తెచ్చుకున్నాడు. పెట్టడానికి చోటు లేక అది తాడిపత్రి పట్టా కప్పుకుని వానలో ఉంది. పక్క దుకాణం తనకు కేటాయించమని ఆయన అప్పటికే అర్జీ పెట్టాడు.

“సుల్తానమ్మా, కాయిదం జూడు,” అన్నాడు చెన్నయ్య. “ఇస్మాయిల్ పోయి ఆర్నెల్లు కావొస్తుంది. రూలేందో నీకెరుకనే.”

“పని నేనే చేస్తున్న గద పెద్దయ్యా. ఏడేండ్ల సంది పోసేది నేనే.”

తిమ్మప్ప నవ్వాడు. “ఏడేండ్లా! మరి గా ముచ్చట భాయి బతికుండంగ ఒక్కనాడన్న జెప్పినవా వదినా? పోయినోడు సాక్ష్యానికి రాడని ఇప్పుడు జెప్తున్నవా? మసి బుడ్డి పట్టినోళ్లంత ఉస్తాదులైతే, పొయ్యి ఊదే మా ఇంటామె గూడ ఉస్తాదే.”

సుల్తానాబీ దగ్గర జవాబు ఉంది. కాని ఆ జవాబు చెప్పాలంటే వణికే చేతుల సంగతి చెప్పాలి. చనిపోయిన మనిషిని నడిబజారులో నిలబెట్టినట్లవుతుంది. ఆమె గోనె పరదా వైపు చూసి ఊరుకుంది.

చెన్నయ్య మెత్తని మనిషి. “జర సబర్ జెయ్యి తిమ్మప్పా,” అని, ఆమెతో, “ఒక పని జేద్దాం. నీ కొడుకు నవీద్ పేరు పెడ్త. నువ్వు ఎన్క ఉండి చేసుకో. ఎవరడుగుతరు?” అన్నాడు.

నవీద్ నాగర్‌కర్నూలులో ఆటో నడుపుతాడు.

“వానికి గరిటె ఏ దిక్కు పట్టాల్నో తెల్వదు పెద్దయ్యా. ఒకసారి వేరే పేరెన్క ఉన్న. అది ఆయన కోసం. మల్ల ఉండ.”

ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతు పెద్దది కాలేదు. అయినా చెన్నయ్య చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పరీక్ష పెట్టాలని అప్పుడే నిర్ణయమైంది. గద్వాలవాడు కాని, పని తెలిసిన మనిషి ఒకరు పని ఇవ్వాలి. ఆమె తన చేతులతోనే చేయాలి. ఎవరి యంత్రమూ వాడరాదు. ఒక సాక్షి ఎదుట కూర్చోవాలి. ఆగస్టు ఇరవై రెండున సంఘం కూర్చుని తీర్పు చెబుతుంది.

పని ఇచ్చే మనిషి వనపర్తిలో ఒక కళాశాలలో వర్క్‌షాపు పాఠాలు చెప్పే రాఘవేందర్. పాత సామాను వెతుక్కుంటూ ఆదివారాలు ఈ బజారుకు రావడం ఆయనకు అలవాటు. ఆగస్టు అయిదున ఆయన బస్సు దిగి, దుప్పటిలో చుట్టిన ఒక చెక్క చట్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. తరువాత ఒక పాత కంప్యూటరును కూడా మోసుకొచ్చాడు. ఆయన సరదాకు ఇంట్లో తయారు చేసుకుంటున్న యంత్రం అది. కంప్యూటరు చెప్పినట్లు నడిచి కాగితం మీద గీస్తుంది. ముందు ముందు చెక్క మీద చెక్కుతుంది కూడా. రెండు స్క్రూలు తిరిగితే దాని మీది కలం అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ కదులుతుంది. పాత ప్రింటర్ల నుంచి తీసిన చిన్న మోటార్లు ఆ స్క్రూలను తిప్పుతాయి.

“ఒక స్క్రూకు మంచి నట్టు ఉందమ్మా. రెండో దానికి లేదు,” అని ఆయన ఒక సున్నా గీయించి చూపించాడు. సున్నాకు రెండు చోట్ల మెట్టు పడింది, చివర మొదలును కలవలేదు. “స్క్రూ ఇటు తిరుగుతున్నంతసేపు బాగానే ఉంటుంది. మళ్లీ అటు తిప్పగానే నట్టులో ఉన్న సందు నిండేదాకా ఉత్తగా తిరుగుతుంది. కలం కదలదు. అందుకే ఈ మెట్టు. ఎటు తిప్పినా వెంటనే కదిలే నట్టు కావాలి.”

“ఎట్ల చేయాల్నో చెప్తరా సార్?”

“చెప్పను. చెబితే నా పని అవుతుంది. నేను చూసిందే రాస్తాను.” స్క్రూను విప్పి అందిస్తూ, “ఇంకొక మాట. ఈ స్క్రూ ఒక్కటే ఉంది. పాత యంత్రం ఒకటి విప్పుతుంటే దొరికింది. ఇట్లాంటిది మళ్లీ నాకు దొరకదు,” అన్నాడు.

చిటికెన వేలంత లావు, మూరెడు పొడవు ఉన్న ఆ స్క్రూను ఆమె పమిట చెంగుతో తుడిచి రెండు చేతులతో అందుకుంది.

గురువారం పని మొదలైంది. ఎవరి సలహా లేకుండానే ఆమెకు దారి తోచింది. నట్టు లోపల మర, అంటే మెలికల గాడి, కోసే పరికరాలు లేవు కనుక స్క్రూ చుట్టూనే లోహం పోస్తే, స్క్రూ మర తానే నట్టులో అచ్చు పడుతుంది. లోహం ఇనుమును కరచుకోకుండా ఉండాలంటే ముందు మసి పట్టాలి. కిరసనాయిలు బుడ్డి మంట మీద స్క్రూను నెమ్మదిగా తిప్పింది. పెద్ద ఇంజన్ బేరింగుకు ఇరుసును కాకి రెక్క రంగు వచ్చేదాకా మసిబార్చడం ఆ దుకాణం పద్ధతి. ఆ రంగు వచ్చింది. స్క్రూను ఒక గొట్టపు ముక్క మధ్యలో నిలువుగా నిలిపి అడుగున బంకమట్టి మెత్తింది. కుంపటి మీది మూసలో కరిగిన లోహంలో చీపురు పుల్ల ముంచి తీసింది. పుల్ల భగ్గున మండితే లోహం మితిమీరి కాగినట్లు, తెల్లగా ఉంటే ఇంకా కాగనట్లు. పుల్ల ఎర్రబారింది. గరిటె ఒక్కసారి లేచి, ఒకే ధారగా వంగింది.

చల్లారిన నట్టు స్క్రూ మీద వెన్నలో వేలు తిరిగినట్లు తిరిగింది. ఆ సాయంత్రం ఆమె ముఖంలో ఆరు నెలలుగా కనిపించని వెలుగు కనిపించింది.

పన్నెండవ తేదీ ఆదివారం రాఘవేందర్ దానిని బిగించి సున్నా గీయించాడు. మెట్టు చిన్నదైంది, కాని పోలేదు.

“గంత మంచిగ తిరుగుతుంది గద సార్, నూనె లెక్క!”

“అదేనమ్మా చిక్కు. మంచిగా తిరుగుతుంది.” కొలిచి చూసి ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. సందు మూడు వెంట్రుకల మందం.

సుల్తానాబీ ఆ నట్టును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు అర్థమైంది. అర్థమైన కొద్దీ భయం వేసింది. బేరింగులో సందు ఉండి తీరాలి. ఆ సందులో నూనె నిలవాలి. సందు లేకుండా పోస్తే వేడికి ఇరుసు పట్టేసి ఇంజన్ పగులుతుంది. “లోహానికి ఊపిరాడాలె” అని ఇస్మాయిల్ మొదటి రోజున నేర్పిన పాఠం. ఇరవై ఏడు సంవత్సరాలుగా ఆమె చేయి ఆ సందును అడక్కుండానే వదులుతూ వచ్చింది. ఇప్పుడు వదలవద్దంటే ఆ చేతికి ఎలా చెప్పాలి?

పక్క దుకాణం నుంచి తిమ్మప్ప తొంగిచూశాడు. “ఏమాయె సార్? అయ్యిందా, పోయిందా?”

“ఇంకా పది రోజులున్నాయి,” అన్నాడు రాఘవేందర్, పుస్తకం మూస్తూ.

ఆగస్టు పదిహేను. జెండా పండుగ కనుక బజారు మూసి ఉంది. బడిపిల్లల ఊరేగింపు పోయిన తరువాత వీధిలో వాన తప్ప ఏమీ లేదు. సుల్తానాబీ మాత్రం తలుపు తెరిచింది. మసి మందమే సందు కనుక ఈసారి మసి పలుచగా పట్టాలని నిశ్చయించుకుంది. కాకి రెక్క రంగు దాకా పోనివ్వలేదు. ఎండిన పొగాకు రంగు రాగానే మంట నుంచి తీసింది. చేయి మళ్లీ బుడ్డి వైపు పోబోతే రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది.

నాలుగు రోజుల వానకు బంకమట్టి చెమ్మగిల్లి ఉంది. కుంపటి పక్కన ఆరబెట్టింది గాని, లోపలి తడి పోలేదని లోహం గొట్టంలోకి దిగాక తెలిసింది. చిటపటమంటూ లోహపు చుక్కలు పైకి చిమ్మాయి. ఒకటి ఆమె మణికట్టు మీద పడింది. తోలు కాలిన వాసన ఎదుట కూర్చున్నవారి దాకా వచ్చింది. పోత మధ్యలో ఆగితే అక్కడ అతుకు పడుతుంది, నట్టు పనికిరాదు. ఆమె పళ్లు బిగించింది. ధార తెగలేదు. గరిటె ఖాళీ అయ్యాకే చేయి నీళ్లలో పెట్టింది.

గంట తరువాత గొట్టం తీసి, స్క్రూను వైసులో బిగించి, నట్టుకు పానా వేసి తిప్పింది. కదలలేదు. నట్టును కొంచెం వేడి చేసి మళ్లీ తిప్పింది. కదలలేదు. చల్లారుతూ ముడుచుకున్న లోహం ఆ పలుచని మసి మీదుగా మరలను కరచిపట్టుకుంది. మూడోసారి మొత్తం బరువు వేసింది. స్క్రూ కొస కిర్రుమని మూలిగింది. ఆమె వెంటనే చేయి తీసేసింది.

పండుగ పూట కూడా తన లేత్ మీద తాడిపత్రి సరిచూసుకోవడానికి వచ్చిన తిమ్మప్ప గడపలో నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు.

“పట్టేసిందా?”

“పట్టేసింది.”

“కరిగిస్తవా?”

“స్క్రూ సన్నపుది తిమ్మప్పా. ఒక్కచోట గంత వేడి తగిల్తె వంగుతది.”

“ఎర్కనే గద. ఇటియ్యి వదినా. నా లేత్ మీద పెడితె అయిదు నిమిషాల్ల పైన పైన ఒలిచి పారేస్త. స్క్రూకు గీత గూడ పడదు.”

ఆమె తలెత్తింది. “ఒలిస్తె, సార్ కాయిదంల ఎవరి పేరు రాస్తడు?”

“ఒలిచింది నేనైతె నా పేరే రాస్తడు. మరింకెవరిది రాస్తడు?”

“అట్లనైతె వద్దు.”

“పరాయోళ్ల సొమ్ము అది!” తిమ్మప్ప గొంతు పెరిగింది. “నీ పంతానికి ఆ సార్ మెషిన్ ఖరాబు చేస్తవా? దుకాణం నీకు రాకుంటె రాకపాయె, మాట గూడ పోతది. ఇస్మాయిల్ భాయి దుకాణంల ఇచ్చిన సామాను ఏనాడన్న ఖరాబైందా? అది జూస్కో ముందు.”

ఆ మాట గురి తప్పలేదు. తిమ్మప్ప వెళ్లిపోయాక ఆమె బల్ల ముందు కూలబడింది. దుకాణం పోతే పోతుంది. మనిషి నమ్మి ఇచ్చిన వస్తువు పాడైతే? ఒకటి రెండుసార్లు లేచి, స్క్రూను వైసు నుంచి విప్పబోయి, మళ్లీ కూర్చుంది. పదకొండవ నంబరు తలుపు పదడుగుల దూరంలో ఉంది.

చివరకు లేచి, స్క్రూను వైసులో ఇంకా గట్టిగా బిగించింది. హాక్సా బ్లేడు తీసి దాని పళ్ల నుంచి పైకి కొలిచి పక్క పొడవునా ఒక ఎర్ర దారం అంటించింది. ఆ దారం దాకా దిగితే బ్లేడు మరను తాకుతుంది. దానికి వెంట్రుకవాసి ముందే ఆగాలి. పొడవైన నట్టు కనుక అంత గట్టిగా పట్టింది. మధ్యకు రెండుగా కోస్తే ఒక్కొక్క ముక్క పట్టు సగమవుతుందని ఆమె లెక్క.

నట్టు నడుము చుట్టూ నెమ్మదిగా కోయడం మొదలుపెట్టింది. కొద్దిగా కోసి, తిప్పి, మళ్లీ కోసింది. వైట్‌మెటల్ మెత్తనిది. ఇనుము గట్టిది. ఒకటి దాటి రెండోదానిలో అడుగు పెడితే చప్పుడు మారుతుంది. ఆమె కళ్లు మూసుకుని చప్పుడు వింటూ కోసింది. వాన గట్టిగా పడినప్పుడు చప్పుడు వినపడక బ్లేడు ఎత్తి కూర్చుంది. వాన తగ్గాక మళ్లీ మొదలుపెట్టింది. ఎర్ర దారం అంచు లోహాన్ని తాకబోయే దాకా వచ్చి బ్లేడు పక్కన పెట్టింది. కాగితమంత పొర మిగిలి ఉంటుంది. పై సగానికి పానా వేసి, బిస్మిల్లా అని, తిప్పింది.

టప్ మని చిన్న చప్పుడు. తెగింది పొరా, మరా?

పై ముక్క కదిలింది. పావు చుట్టు, అర చుట్టు. తరువాత కింది ముక్క. రెండూ బయటికి వచ్చాయి. స్క్రూను వెలుతురులోకి తెచ్చి గోటితో ప్రతి మరనూ తడిమింది. గీత లేదు. అప్పుడు గాని ఆమె కాలిన మణికట్టును చూసుకోలేదు.

చేతిలో ఇప్పుడు రెండు పొట్టి నట్టులున్నాయి. పలుచని మసి పోత కనుక సందు తక్కువ, అయినా ఉంది. మసి ఉన్నంత సందు ఉండక తప్పదు. మసి లేకుంటే రాదు. రెంటికీ మధ్య దారి లేదు. నిరాశగా రెండింటినీ మళ్లీ స్క్రూ మీదికి ఎక్కించి, పైదానిని బొటనవేలితో, కిందిదానిని చూపుడువేలితో పట్టుకుని ఊరికే ఎడంగా నెట్టింది. స్క్రూను కదిపి చూసింది. మళ్లీ కదిపింది.

సందు మాయమైంది.

వేళ్లు వదిలితే సందు వచ్చింది. నెడితే పోయింది. ఒక ముక్క మర పై అంచుకు ఆనింది, రెండో ముక్క కింది అంచుకు ఆనింది. స్క్రూ ఎటు తిరిగినా దాన్ని పట్టుకోవడానికి ఒకటి సిద్ధంగా ఉంది. సందును పోగొట్టనక్కరలేదు, రెండు వైపుల నుంచీ కాపలా పెడితే చాలు. ఇక కావలసింది వేళ్లకు బదులు నెట్టే ఒక స్ప్రింగు.

“నెట్టేటిది ఒకటి ఉంటె చాలు,” అంది పైకే. సాక్షికి మాట్లాడే హక్కు లేదు.

తరువాతి రెండు రోజులు ఆ స్ప్రింగు వేటలో గడిచాయి. ఇంజన్ సామానులో దొరికినది వేస్తే, స్క్రూ వేళ్లకు తిరగనే లేదు. ఆ చిన్న మోటారు దాన్ని తిప్పజాలదు. గొడుగులోది బలం చాలలేదు. శుక్రవారం నమాజు వేళ దాటాక, పాత మోపెడు కార్బురేటర్లోని మెత్తని స్ప్రింగు ఒకటి దొరికింది. దాన్ని రెండు చుట్లు కత్తిరించి చూస్తే సరిపోయింది. రెండు ముక్కలూ విడివిడిగా తిరగకుండా చేతి డ్రిల్లుతో రెంటికీ కలిపి రెండు రంధ్రాలు చేసి, సైకిలు పుల్లల ముక్కలు దూర్చింది. ఆ పుల్లల మీద ముక్కలు దగ్గరకూ దూరానికీ జరుగుతాయి గాని తిరగవు. శనివారం పొద్దుగూకే ముందు మరలను స్క్రేపరుతో ఒకసారి సవరించి, నూనె చుక్క వేసి, గుడ్డలో చుట్టి పెట్టింది.

పంతొమ్మిదవ తేదీ ఆదివారం పన్నెండవ నంబరు ముందు పదిమంది చేరారు. చెన్నయ్య స్టూలు మీద కూర్చున్నాడు. తిమ్మప్ప గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. రాఘవేందర్ నట్టును చూసి కనుబొమలు ఎత్తాడు. బిగించి, కొత్త కాగితం పరిచి, కంప్యూటరు మీట నొక్కాడు.

కలం కదిలింది. మొదటి మలుపు దాటింది. ఎప్పుడూ మెట్టు పడే చోటు అదే. ఆమెకు కాగితం కనపడలేదు, చుట్టూ తలలే. మూడు వంతులు గీసేసరికి మోటారు మూలుగు ఆగిపోయింది. కంప్యూటరు తెర నల్లబడింది.

“కరెంటు పాయె,” అన్నారెవరో.

“సరిగ్గ తేలే టయానికే పాయె,” అన్నాడు తిమ్మప్ప. “అయితె ఇగ సగం సున్నాకే దుకాణమిస్తరా పెద్దయ్యా?”

“నీ నోరు జర ఆపు రా నాయనా. ఆమె చేతుల కరెంటు ఉంటదా?” అన్నాడు చెన్నయ్య.

గంటా ఇరవై నిమిషాలు ఎవరూ కదలలేదు. సుల్తానాబీ పరదా దగ్గర నిలబడే ఉంది. చాయ్ ఎవరో తెచ్చారు. ఆమె గ్లాసు అలాగే చల్లారింది. కరెంటు వచ్చాక రాఘవేందర్ పాత కాగితం తీసి పక్కన పెట్టాడు. యంత్రానికి తాను ఎక్కడ ఆగిందో గుర్తుండదు. మళ్లీ మొదటి నుంచి గీయాలి. కలం తిరిగింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఆఖరు వంపు. చివరి గీత మొదటి గీతలోకి దూరి కనపడకుండా పోయింది.

ఆయన కొలిచాడు. వెంట్రుకలో నాలుగో వంతు సందు మిగిలింది. “నా పనికి ఇది చాలు, ఇంకా ఎక్కువే,” అని కాగితం తీసి రాయసాగాడు. మొదటి నట్టు, మూడు వెంట్రుకల సందు, రెండో పోత స్క్రూను పట్టివేయుట అని రాస్తుంటే ఆమె దగ్గరికి వచ్చింది.

“గవి గూడ రాస్తరా సార్?”

“చూసిందే రాస్తానన్నాను కదమ్మా. రెండోది నేను చూడలేదు. సాక్షి చెప్పినట్టు అని రాస్తాను.”

“రాయండ్రి. గా తప్పులు గూడ నావే. బుడ్డి పట్టినోళ్లు చేసే తప్పులు గావవి, పోసినోళ్లు చేసేటివి.”

తిమ్మప్ప గుంజను వదిలి, “ఒక్క నట్టుకే ఉస్తాదు కాదు,” అంటూ తన దుకాణంలోకి వెళ్లాడు. మరునాడు ఉదయం ఆయన లిఖితపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేశాడు.

సదరు అభ్యంతరములో రెండు అంశములు గలవు. ఒక్క వస్తువు చేసినంత మాత్రమున వృత్తి రుజువు కాదనుట మొదటిది. అందుకు మనవి ఏమనగా, మొదటి నట్టులో మిగిలిన సందు, బేరింగులు పోసి పోసి అలవాటైన చేతి నుండియే రాదగినది. దీర్ఘకాలపు అభ్యాసము లేనివారికి ఆ పొరపాటు సాధ్యము కాదు. ఇస్మాయిల్ గారి జీవితకాలములో ఈ సంగతి ఎందుకు తెలుపలేదనుట రెండవది. అందుకు గల కారణమును శ్రీమతి సుల్తానాబీ తన నోట చెప్పుటకు నిరాకరించినందున, ఆమె అనుమతి గైకొని పైన పొందుపరచడమైనది. ఆ అనుమతి ఇచ్చుటకు ఆమె ఒక దినము గడువు కోరినది. శ్రీ తిమ్మప్ప గారి లేత్ వానలో నుండుట యథార్థమే. వారి అవసరమును సంఘము వారు ప్రత్యేకముగా పరిశీలింపదగును.

కావున, ఈ నెల ఇరవై రెండవ తేదీ బుధవారము జరుగబోవు సమావేశమునందు పన్నెండవ నంబరు దుకాణమును కుమారుని పేర గాని, మరి యొకరి పేర గాని కాక, శ్రీమతి సుల్తానాబీ స్వంత పేరనే కేటాయించవలసినదిగాను, దుకాణముల పట్టికలో వృత్తి అను గడియందు “భర్త వృత్తి” అని గాక “బేరింగుల పోతపని, స్వహస్తముతో” అని నమోదు చేయవలసినదిగాను సంఘము వారిని ఆమె తరఫున సవినయముగా కోరడమైనది.

గద్వాల, 21 ఆగస్టు 2007
వెంకట్రాములు, విశ్రాంత గుమాస్తా, సాక్షి